వైడ్ రిసీవర్ మన టీమ్‌కి సరిపోతాడా? 2024లో బిల్స్ ముందున్న ఐదుగురితో ఒక పోలిక

అమెరికన్ ఫుట్‌బాల్‌లో పెద్ద లీగ్ ఎన్ఎఫ్ఎల్. కాలేజీ ఆటగాళ్లని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకోవడాన్ని డ్రాఫ్ట్ అంటారు, ఒక్కో వంతు ఒక పిక్. 2024 ఏప్రిల్‌లో జరిగిన ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌లో 28వ పిక్ నుంచి 34వ పిక్ దాకా, ఏడు పిక్‌లలోనే ఐదుగురు వైడ్ రిసీవర్లు (విసిరిన బంతిని పరిగెత్తి పట్టేవాళ్లు) వెళ్లిపోయారు. 28లో జేవియర్ వర్తీని చీఫ్స్ తీసుకుంది. 31లో రికీ పియర్సల్‌ని ఫార్టీనైనర్స్, 32లో జేవియర్ లెగెట్‌ని పాంథర్స్, 33లో కియాన్ కోల్‌మన్‌ని బిల్స్, 34లో లాడ్ మెకాంకీని చార్జర్స్ తీసుకున్నాయి. ఈ ఐదుగురిలో ఎవరినైనా ఎంచుకునే అవకాశం బఫలో బిల్స్‌కి ఉండింది, ఎందుకంటే 28వ పిక్ మొదట వాళ్లది. దాన్ని చీఫ్స్‌కి ఇచ్చి 32కి దిగారు, 32ని పాంథర్స్‌కి ఇచ్చి 33కి దిగారు. చివరికి కోల్‌మన్ దగ్గర ఆగారు.

నేను బిల్స్ ఫ్యాన్‌ని. ఆ రోజు నుంచి మా వాళ్ల మధ్య ఈ గొడవ తెగలేదు. అందరూ అడిగేది ఒకటే: ఐదుగురిలో గొప్పవాడెవరు? ఆ ప్రశ్నకి జవాబు దొరికినా టీమ్‌కి ఒరిగేదేమీ లేదు. మన ఆఫెన్స్‌లో (బంతితో దాడి చేసే పక్షంలో) ఏ పని చేసేవాడు లేడు, ఆ పని వీళ్లలో ఎవరికి వచ్చు అన్నది అడగాలి. ఓపెనర్ వెళ్లిపోయిన జట్టులోకి ఆరో నంబర్‌లో సిక్సులు కొట్టేవాణ్ణి తెస్తే, అతను ఎంత మంచి బ్యాటరైనా కొత్త బంతి సమస్య అలాగే ఉంటుంది కదా. మీరు ఏ టీమ్ ఫ్యాన్ అయినా సరే, డ్రాఫ్ట్ అయినా ట్రేడ్ అయినా, ఒక రిసీవర్‌ని ఎలా తూచాలో ఈ ఐదుగురిని పెట్టుకుని చెబుతాను. జరిగిపోయిన డ్రాఫ్ట్ కాబట్టి ఫలితాలు కూడా మన ముందే ఉన్నాయి.

ఖాళీ ఎక్కడుంది?

రిసీవర్లు చేసే పనులు ప్రధానంగా మూడు: ఎక్స్, జెడ్, స్లాట్. స్నాప్ (బంతిని వెనక్కి అందించి ప్లే మొదలుపెట్టడం) సమయానికి ఆఫెన్స్‌లో కనీసం ఏడుగురు, బంతి పెట్టిన చోటి గీత మీద ఉండాలన్నది రూల్. ఎక్స్ మామూలుగా ఆ ఏడుగురిలో ఒకడు. గీత మీదే నిలబడాలి కాబట్టి, ఎదురుగా ఉన్న కార్నర్‌బ్యాక్ (రిసీవర్‌ని కాపు కాసే డిఫెండర్) సరిగ్గా అతని ముందుకొచ్చి నిలబడి, స్నాప్ కాగానే చేతులతో తోసి రూట్‌ని (ముందే అనుకున్న పరుగు దారిని) మొదట్లోనే పాడుచేయగలడు. దీన్నే ప్రెస్ అంటారు. చాలా ఫార్మేషన్లలో ఆ వైపు ఎక్స్ ఒక్కడే ఉంటాడు, సాయానికి ఎవరూ ఉండరు. జెడ్ గీతకి కొంచెం వెనక నిలబడతాడు, స్నాప్‌కి ముందు మోషన్‌లో (పక్కకి పరిగెడుతూ) కదలగలడు, కాబట్టి అతన్ని ప్రెస్ చేయడం కష్టం. స్లాట్‌లో ఆడేవాడు లోపలివైపు ఉంటాడు. అతనికి ఎడమకీ కుడికీ రెండు దారులూ తెరిచే ఉంటాయి. అయితే లైన్‌బ్యాకర్ల (డిఫెన్స్ మధ్యలో కాపు కాసేవాళ్ల) మధ్యకి వెళ్లి బంతి పట్టాలి, దెబ్బలు తినాలి.

ఈ మూడింటిలో ఎక్స్ దొరకడమే కష్టం. కాలేజీలో స్లాట్‌లో ఆడి అంకెలు పోగేసినవాళ్లు చాలామంది ఉంటారు. ప్రెస్‌ని తప్పించుకుని బయట, అంటే మైదానం అంచు వైపు, గెలిచినవాళ్లు ఏటా కొద్దిమందే.

ఇప్పుడు 2024 వసంతంలో బిల్స్ పరిస్థితి చూడండి. స్టెఫాన్ డిగ్స్‌ని ఏప్రిల్ మొదట్లోనే టెక్సన్స్‌కి ట్రేడ్ చేశారు. బఫలోలో ఆడిన నాలుగు సీజన్లలోనూ 1,000 యార్డులు దాటినవాడు, 2020లో 127 క్యాచ్‌లు, 1,535 యార్డులతో లీగ్ మొత్తానికే మొదటివాడు. గేబ్ డేవిస్ ఫ్రీ ఏజెంట్‌గా (ఒప్పందం ముగిసి) జాగ్వార్స్‌కి వెళ్లాడు. అంటే బయట ఆడే ఇద్దరూ ఒకేసారి పోయారు. మిగిలినవాళ్లలో ఖలీల్ షకీర్ స్లాట్‌లో బాగా ఆడతాడు. కొత్తగా వచ్చిన కర్టిస్ శామ్యూల్‌ది కూడా మోషన్, స్లాట్ ఆటే. టైట్ ఎండ్ (అడ్డుకోవడం, బంతి పట్టడం రెండూ చేసేవాడు) డాల్టన్ కిన్‌కేడ్‌ని 2023 మొదటి రౌండ్‌లో తీసుకున్నారు, అతను కూడా ఎక్కువగా లోపలే రూట్లు పరిగెడతాడు. మ్యాక్ హాలిన్స్ పొడగరి, బ్లాకింగ్ (డిఫెండర్లని అడ్డుకునే) మనిషి. లోపల జనం కిక్కిరిసి ఉన్నారు, బయట ఎవరూ లేరు. బిల్స్‌కి కావలసింది ఎక్స్ అని ఎవరైనా చెప్పగలరు. ఆ నిర్ణయంలో యాజమాన్యం పొరపాటు పడలేదు. పేచీ అంతా ఎక్స్‌ అంటే ఎలాంటివాడు అన్న దగ్గర వస్తుంది.

విసిరేవాడెవరు, ఎవరి మీద గెలవాలి?

రిసీవర్‌ని క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) నుంచి విడదీసి చూడకూడదు. జెరీ జ్యూడీ డెన్వర్‌లో నాలుగేళ్లు ఆడి ఒక్కసారి కూడా 1,000 యార్డులు చూడలేదు. 2024లో క్లీవ్‌ల్యాండ్ వెళ్లాడు. సీజన్ మధ్యలో జేమిస్ విన్‌స్టన్ క్వార్టర్‌బ్యాక్ అయ్యాక, ధైర్యంగా దూరం విసిరేవాడు దొరికాడు. ఆ ఏడు జ్యూడీకి 1,229 యార్డులు వచ్చాయి. పాత ఊరు డెన్వర్‌కి తిరిగి వచ్చి ఒక్క మ్యాచ్‌లో 235 యార్డులు కొట్టాడు. మనిషి అదే, కాళ్లూ అవే.

బిల్స్ క్వార్టర్‌బ్యాక్ జాష్ అలెన్ చేతికి ఉన్న బలం గురించి ఎంత చెప్పినా తక్కువే. ప్లే చెదిరిపోయినా పరిగెడుతూ, ఒంటిమీద ఇద్దరు వేలాడుతున్నా 40 గజాలు విసరగలడు. అలాంటివాడికి ఎలాంటి రిసీవర్ కావాలి? ఎత్తుగా విసిరితే ఎగిరి పట్టేవాడు కావాలని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. అలెన్ ప్లేని సాగదీయడానికి చాలాసార్లు కారణం మొదటి చూపులో ఎవరూ ఖాళీగా కనబడకపోవడం. రెండున్నర సెకన్లలో విడివడి కనిపించే మనిషి ఉంటే అతను అంత పరిగెత్తాల్సిన పనే లేదు, అంతగా దెబ్బలు తినాల్సిన పనీ లేదు. బంతి కోసం కొట్లాడే నేర్పుకి విలువ లేదని కాదు. ముందు ఎడం సంపాదించే నేర్పు ఉండాలి.

ఇక ఎదురాళ్లు. బిల్స్‌కి సెప్టెంబర్‌లో గెలవడం సమస్య కాదు. డ్రాఫ్ట్ నాటికే 2020, 2021, 2023 సీజన్ల ప్లేఆఫ్స్‌లో వాళ్లని ఇంటికి పంపింది ఒకే టీమ్, కాన్సస్ సిటీ చీఫ్స్. ఆ డిఫెన్స్ నడిపేది స్టీవ్ స్పాగ్నుఓలో. బ్లిట్జ్‌లు (క్వార్టర్‌బ్యాక్ మీదకి అదనపు మనుషుల్ని) పంపిస్తాడు, కార్నర్లని రిసీవర్ల ముఖం మీద నిలబెడతాడు. 2024 జనవరిలో సొంత మైదానంలో 27-24తో ఓడిన మ్యాచ్‌లో డిగ్స్ లాంటివాడికే 3 క్యాచ్‌లు, 21 యార్డులు వచ్చాయి. కాబట్టి నా దృష్టిలో బిల్స్ రిసీవర్‌కి పెట్టాల్సిన పరీక్ష ఒకటే: జనవరిలో ప్రెస్ మ్యాన్ కవరేజ్ (ఒకరికి ఒకరు కాపు) మీద, థర్డ్ అండ్ సెవెన్‌లో (మూడో ప్రయత్నం, ఇంకా ఏడు గజాలు కావాలి), ఇతను ఖాళీ అవుతాడా?

మీ టీమ్‌కి ఈ ప్రశ్న వేరుగా ఉండొచ్చు. మీ డివిజన్‌లో అందరూ జోన్ (మనిషిని కాక చోటుని కాపు కాయడం) ఆడేవాళ్లయితే, ప్రెస్ తప్పించుకోవడం కన్నా జోన్లలో సందు కనిపెట్టి ఆగే తెలివి ముఖ్యం.

ఇప్పుడు ఐదుగురు

వర్తీ టెక్సస్ యూనివర్సిటీ కుర్రాడు. కంబైన్‌లో (డ్రాఫ్ట్‌కి ముందు జరిగే కొలతల పరీక్షలో) 40 గజాలు 4.21 సెకన్లలో పరిగెత్తాడు, 2017లో జాన్ రాస్ పెట్టిన 4.22 రికార్డు చెదిరింది. బరువు మాత్రం 165 పౌండ్లు, అంటే 75 కిలోలు. ఈ బరువుతో రోజూ ఎక్స్‌గా నిలబడి ప్రెస్‌ని ఎదుర్కోమనడం అన్యాయం. వేగం ఎంత ఉన్నా మొదటి అడుగులోనే చేతులు పడితే అది ఉపయోగపడదు. ఇలాంటివాడికి మోషన్, జెట్ స్వీప్‌లు, స్క్రీన్లు (బంతిని దగ్గరలోనే అందించి పరిగెత్తనిచ్చే ప్లేలు), జెడ్ స్థానం కావాలి. అవన్నీ వండి వడ్డించే కోచ్ ఆండీ రీడ్. అందుకే చీఫ్స్‌కి వర్తీ అతికినట్టు సరిపోయాడు. బిల్స్‌లో అయితే శామ్యూల్‌ని ఏ పనికి తెచ్చారో ఆ పనినే ఇంకా వేగంగా చేసేవాడు అయ్యేవాడు. ఎక్స్ ఖాళీ అలాగే ఉండేది. వర్తీని చీఫ్స్‌కి అప్పగించారని నాకూ బాధే. కానీ శత్రువుకి దక్కాడన్న బాధ వేరు, మనకి సరిపోతాడన్న లెక్క వేరు.

పియర్సల్ గురించి క్లుప్తంగా. ఫ్లారిడాలో ఆడాడు, చేతులు బంగారం, రూట్లు శుభ్రంగా పరిగెడతాడు. టైమింగ్ మీద, మైదానం మధ్యలోకి విసిరే ఫార్టీనైనర్స్ కోచ్ షానహాన్ ఆఫెన్స్‌కి సరైన ఎంపిక. 2024 సీజన్ మొదలయ్యే ముందు దోపిడీ ప్రయత్నంలో తూటా తగిలి, కోలుకుని అదే సీజన్‌లో మైదానంలోకి వచ్చాడు. అతని మొదటి ఏడాది అంకెలతో అతన్ని కొలవడం సరికాదు.

లెగెట్ 221 పౌండ్ల మనిషి, అయినా 4.39లో పరిగెత్తాడు. చూడగానే నోరూరే శరీరం. సౌత్ కరోలినాలో చివరి ఏడాది 1,255 యార్డులు చేశాడు. అంతకుముందు ఏళ్లలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. ఒకే ఒక్క ఏడాది ఎదుగుదల ఉన్నవాణ్ణి తీసుకున్నప్పుడు ఓపిక ఉండాలి, టీమ్‌కి టైమ్ ఉండాలి. పాంథర్స్ కొత్తగా కట్టుకుంటున్న టీమ్ కాబట్టి ఎదురుచూడగలదు. పైగా మొదటి రౌండ్ పిక్ అయితే ఐదో ఏడాది ఆప్షన్ (ఒప్పందాన్ని ఇంకో ఏడాది పొడిగించుకునే హక్కు) కూడా దక్కుతుంది, ఒక్క మెట్టు ఎక్కడానికి ట్రేడ్ చేయడంలో అర్థం ఉంది. అలెన్ యవ్వనం ఖర్చవుతున్న బిల్స్‌కి ఆ వ్యవధి లేదు.

కోల్‌మన్ 6 అడుగుల 3 అంగుళాలు, 213 పౌండ్లు. మిషిగన్ స్టేట్‌లో బాస్కెట్‌బాల్ కూడా ఆడాడు, ఆ ఎగురుడు అక్కడిదే. ఫ్లారిడా స్టేట్‌లో 2023లో 50 క్యాచ్‌లకి 11 టచ్‌డౌన్లు. 40 గజాలకి 4.61 పట్టింది. ఈ టైమ్ చూసి అతన్ని కొట్టిపారేసినవాళ్లతో నేను ఏకీభవించను. కూపర్ కప్ 4.62 పరిగెత్తి మూడో రౌండ్‌లో వెళ్లాడు, 2021లో 145 క్యాచ్‌లు, 1,947 యార్డులు, 16 టచ్‌డౌన్లతో మూడింటిలోనూ లీగ్‌లో మొదటివాడయ్యాడు. కానీ కప్ ఆడింది రామ్స్‌లో. అక్కడ రిసీవర్లని లోపలికి గుంపుగా నిలబెట్టి, మోషన్‌తో ప్రెస్‌ని తప్పించి, అతనికి దారి తెరిచేవాళ్లు. కోల్‌మన్‌ని అలా కాక బయట, గీత మీద, ఒంటరిగా నిలబెట్టాలని తీసుకున్నారు. కాలేజీ ఆటలో అతని చాలా గొప్ప క్యాచ్‌లు డిఫెండర్ ఒంటికి అంటుకుని ఉండగా పట్టినవే. చూడ్డానికి అద్భుతం. నాకు మాత్రం వాటిలో హెచ్చరిక కనబడింది: అన్నిసార్లు డిఫెండర్ పక్కనే ఎందుకున్నాడు?

మెకాంకీ జార్జియాలో ఆడాడు. 6 అడుగులు, 186 పౌండ్లు, 4.39. 2023లో వెన్ను, చీలమండ గాయాలతో 9 మ్యాచ్‌లే ఆడి 30 క్యాచ్‌లు పట్టాడు. అంకెలు చూస్తే ఎవరూ ఆగరు. ఆట చూస్తే ఆగుతారు. మలుపు తీసుకునేటప్పుడు వేగం తగ్గనివ్వడు, డిఫెండర్ బరువు ఏ కాలి మీదుందో చూసి రెండో కాలి వైపు తిరుగుతాడు. సీనియర్ బౌల్ (డ్రాఫ్ట్‌కి ముందు కాలేజీ ఆటగాళ్లు ఆడే ప్రదర్శన మ్యాచ్) ప్రాక్టీసుల్లో ఒకరితో ఒకరు తలపడే డ్రిల్స్‌లో కార్నర్లు అతన్ని అందుకోలేకపోయారు. చాలామంది అతన్ని స్లాట్‌కే పరిమితం చేశారు, జార్జియాలో బయట కూడా బాగా ఆడాడన్న సంగతి మర్చిపోయి. గాయాల భయం మాత్రం నిజమైనదే. బిల్స్ వైద్యులు ఏం చూశారో బయటివాళ్లకి తెలియదు.

నా ఎంపిక మెకాంకీ. అచ్చమైన ఎక్స్ కాదని తెలిసే అంటున్నాను. జెడ్‌గా ఆడుతూ అవసరమైనప్పుడు ఎక్స్‌లోకి, స్లాట్‌లోకి మారగలడు, షకీర్‌ని కదిలించాల్సిన పని ఉండదు. గీత మీద ఒంటరిగా నిలబడే పనిని హాలిన్స్‌కి, మధ్య సీజన్‌లో కొనుక్కునే ఒక సీనియర్‌కి పంచవచ్చు. బిల్స్ ఖాళీని సరిగ్గా గుర్తించి, దాన్ని శరీరం కొలతలతో నింపాలనుకుంది. ఎక్స్‌కి మొదట కావలసింది ప్రెస్ నుంచి బయటపడే అడుగులు. పొడవు ఆ తర్వాత.

అంకెలు ఏం చెబుతున్నాయి, ఏం చెప్పడం లేదు

2024లో మెకాంకీకి 82 క్యాచ్‌లు, 1,149 యార్డులు, 7 టచ్‌డౌన్లు. టెక్సన్స్‌తో ప్లేఆఫ్‌లో మరో 197 యార్డులు. వర్తీకి 59 క్యాచ్‌లు, 638 యార్డులు, 6 టచ్‌డౌన్లు. లెగెట్‌కి 49, 497, 4. పియర్సల్‌కి 31, 400, 3. కోల్‌మన్‌కి 29, 556, 4.

ఈ వరుస చూసి తీర్పు ఇచ్చేస్తే తప్పు. కీనన్ అలెన్, మైక్ విలియమ్స్ ఇద్దరూ వెళ్లిపోయిన చార్జర్స్‌లో క్వార్టర్‌బ్యాక్ హెర్బర్ట్ బంతి విసరడానికి మెకాంకీ తప్ప గట్టి మనిషి లేడు. 2025లో కీనన్ అలెన్ తిరిగొచ్చాడు, లైన్‌లో క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే ఇద్దరు టాకిల్స్ స్లేటర్, ఆల్ట్ గాయపడ్డారు, మెకాంకీ 1,000 యార్డులు అందుకోలేదు. అతని ఆట ఒక్క ఏడాదిలో పాడైపోలేదు, చుట్టూ ఉన్న పరిస్థితి మారింది. అదే మాట కోల్‌మన్‌కి కూడా వర్తించాలి. మణికట్టు గాయంతో నాలుగు మ్యాచ్‌లు పోగొట్టుకున్నాడు. జో బ్రాడీ నడిపిన ఆ ఆఫెన్స్‌లో బంతిని అందరికీ పంచారు. షకీర్ 821 యార్డులతో టీమ్‌లో మొదటివాడు, 1,000 దాటినవాడు ఒక్కడూ లేడు. అయినా టీమ్‌కి 13 గెలుపులు, 4 ఓటములు, అలెన్‌కి ఎంవీపీ (లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడి బహుమతి).

అయితే నన్ను నమ్మించిన సాక్ష్యం మరొకటి ఉంది. అక్టోబర్‌లో బిల్స్ క్లీవ్‌ల్యాండ్ నుంచి అమారి కూపర్‌ని తెచ్చింది. కూపర్ అంటేనే రూట్లు, ప్రెస్ నుంచి జారుకునే అడుగులు. ఏప్రిల్‌లో నింపామనుకున్న ఖాళీని అక్టోబర్‌లో మళ్లీ నింపాల్సి వచ్చింది. కూపర్ వచ్చిన మొదటి మ్యాచ్‌లోనే, టైటన్స్ మీద, కోల్‌మన్‌కి 4 క్యాచ్‌లకి 125 యార్డులు వచ్చాయి. మరుసటి వారం సియాటిల్‌లో 5 క్యాచ్‌లు, 70 యార్డులు, ఒక టచ్‌డౌన్. కారణం అదొక్కటే అనను. కానీ రెండో బయటి మనిషిగా, ఎదుటివాళ్ల మంచి కార్నర్ వేరొకరి మీద ఉన్నప్పుడు, కోల్‌మన్ చాలా పనికొచ్చే ఆటగాడు. 2025 మొదటి మ్యాచ్‌లో రేవెన్స్ మీద 8 క్యాచ్‌లు, 112 యార్డులు కొట్టి ఆశ రేపాడు. నవంబర్‌కి వచ్చేసరికి గాయం లేకపోయినా జెర్సీ వేసుకోని మ్యాచ్‌లు వచ్చాయి.

2025 జనవరిలో ఏఎఫ్‌సీ ఫైనల్లో (సూపర్ బౌల్‌కి ముందు మెట్టు) బిల్స్ మళ్లీ చీఫ్స్ చేతిలోనే 32-29తో ఓడింది. వర్తీకి 6 క్యాచ్‌లు, 85 యార్డులు, ఒక టచ్‌డౌన్. సూపర్ బౌల్‌లో 157 యార్డులు, రెండు టచ్‌డౌన్లు. అప్పటికి అతను లోతుగా పరిగెత్తే మనిషిగా మిగలలేదు. చీఫ్స్‌లో మరో రిసీవర్ రషీ రైస్ మోకాలి గాయంతో పోయాక రీడ్ అతన్ని దగ్గర రూట్లలోకి, స్క్రీన్లలోకి మార్చేశాడు. ఆటగాడికి తగ్గట్టు పని మార్చే కోచ్ ఉంటే సరిపోకపోవడం అన్నది సగం తగ్గుతుంది. మీ కోచ్ అలాంటివాడో కాదో గత మూడేళ్ల ఆటతో తెలుస్తుంది.

మీ టీమ్‌కి ఇదే లెక్క వేయాలంటే

ట్రేడ్ వార్త రాగానే హైలైట్ వీడియో చూడకండి. అందులో అందరూ గొప్పవాళ్లే. అతను ఎన్ని స్నాప్‌లు బయట ఆడాడు, ఎన్ని లోపల ఆడాడు, పాత టీమ్‌లో పక్కన ఎవరున్నారు అన్నది ముందు చూడండి. డల్లాస్ దగ్గర ఫ్రిస్కో, ఇర్వింగ్ వైపు ఉన్న మనవాళ్లలో డల్లాస్ కౌబాయ్స్ ఫ్యాన్స్ చాలామంది ఉన్నారు కాబట్టి ఆ ఉదాహరణే చెబుతాను. 2025 మేలో స్టీలర్స్ నుంచి జార్జ్ పికెన్స్ వచ్చినప్పుడు కోపిష్టి అని, మనకి ఎందుకని గొణిగినవాళ్లు తక్కువ కాదు. ఖాళీ చూస్తే మాత్రం అది చక్కటి బేరం. కౌబాయ్స్ ప్రధాన రిసీవర్ సీడీ ల్యాంబ్‌ని స్లాట్‌లోకి, మోషన్‌లోకి తిప్పాలంటే బయట గీత మీద స్థిరంగా నిలబడే మనిషి ఒకడు ఉండాలి. పికెన్స్ చేసే పని అదే. క్వార్టర్‌బ్యాక్ ప్రెస్కాట్ అతన్ని నమ్మి విసిరాడు, మొదటి ఏడాదే 1,000 యార్డులు సునాయాసంగా దాటాడు. అతని స్వభావం మీద భయం ఉండటం సహజమే, కానీ దాన్ని ఆటలో సరిపోవడంతో కలిపేస్తే రెండు లెక్కలూ తప్పుతాయి.

ఆఫీసు ఫాంటసీ లీగ్ (అసలు ఆటగాళ్ల అంకెలతో పాయింట్లు వేసుకునే పందెం ఆట) కోసం చూసేవాళ్లకి ఒక మాట. టీమ్‌కి సరిపోవడం, పాయింట్లు తేవడం ఒకటి కాదు. డిఫెన్స్‌ని లోతుకి లాగి పక్కవాడికి చోటు ఇచ్చే రిసీవర్ టీమ్‌కి ప్రాణం, మీ లీగ్‌లో మాత్రం సున్నా. ఫాంటసీకి టార్గెట్లు (ఒక రిసీవర్ వైపు విసిరే బంతులు) ఎన్ని ఖాళీ అయ్యాయో చూడండి. రామ్స్ రిసీవర్ పుకా నకూవా 2023లో ఐదో రౌండ్ కుర్రాడు. కప్ గాయంతో మొదటి నాలుగు మ్యాచ్‌లు ఆడకపోవడంతో ఆ బంతులన్నీ అతనికి వచ్చాయి. 105 క్యాచ్‌లు, 1,486 యార్డులతో ముగించాడు, రెండూ అప్పటికి రూకీ (మొదటి ఏడాది ఆటగాడి) రికార్డులే.

కొత్త రిసీవర్ వచ్చాక మొదటి నాలుగు వారాలు యార్డులు లెక్కపెట్టకుండా మూడు విషయాలు చూడండి. థర్డ్ డౌన్‌లో మైదానంలో ఉంటున్నాడా? ఎదుటి టీమ్ తన మంచి కార్నర్‌ని అతని మీదకే పంపుతోందా? బంతి రాని ప్లేలలో కూడా రూట్ చివరిదాకా పరిగెత్తి డిఫెండర్ నుంచి ఎడం తెచ్చుకుంటున్నాడా? మూడూ అవునంటే, రెండు క్యాచ్‌లు పట్టిన ఆదివారం కూడా అతను సరిపోతున్నట్టే. టీవీ కెమెరా బంతి వెంటే తిరుగుతుంది కాబట్టి మూడోది అందులో కనబడదు. మైదానమంతా పైనుంచి చూపించే ఆల్-22 వీడియోలో థర్డ్ డౌన్లు మాత్రం వరుసగా చూడండి, ఒక మ్యాచ్‌కి పదిహేను నిమిషాలు పడుతుంది.